ఇంజిను అరుస్తుంది, బండి కదలదు

మన పత్రికలో వంటలు, పండగలు, తీర్థయాత్రలు, పిల్లల చదువులు వస్తుంటాయి. మోటారు సైకిలు క్లచ్చి గురించి ఇంతవరకు ఎవరైనా రాసినట్టు నాకు గుర్తు లేదు. రాయడానికి నేను తగినవాణ్ణి కూడా కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరునై, యాభై ఆరో ఏట కోరాపుట్ కొండల్లో రుణాల ఫైళ్ళు మోస్తున్నవాణ్ణి. స్పానరు పట్టుకోవడం కంటే పెన్ను పట్టుకోవడమే బాగా వచ్చు. అయినా మొన్న వేసవిలో ఒక బండి నా చేత రెండు తప్పులు చేయించింది. ఒకటి నా జేబుకు సంబంధించినది. రెండోది ఇంకొకరి బతుకుకు సంబంధించినది. ఆ రెండోదాని కోసమే ఇది రాస్తున్నాను.

దూరాన ఉన్న మన సభ్యుల కోసం ఈ ప్రాంతం గురించి రెండు ముక్కలు చెప్పాలి. కోరాపుట్, రాయగడ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ రోజున ఒరిస్సాలో కలిశాయి. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లాను విడదీసినప్పుడు రాయగడ వేరే జిల్లా అయింది. మన వాళ్ళు ఈ ఊళ్ళలో తరతరాలుగా ఉన్నారు. రాయగడ బజారులో తెలుగు, ఒడియా ఒకే వాక్యంలో కలిసి వినిపిస్తే ఇక్కడ ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

మా ఇల్లు రాయగడలో. నా శాఖ సెమిలిగుడ వైపు. వారానికోసారి ఇంటికి వచ్చి సోమవారం తెల్లవారుజామున తిరిగి వెళ్తాను. రాయగడ సముద్రమట్టానికి సుమారు రెండు వందల మీటర్ల ఎత్తున ఉంటే, కోరాపుట్ పట్టణం ఎనిమిది వందల డెబ్భై మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అంటే ఇంటికి రావడమంటే దిగడం, ఉద్యోగానికి పోవడమంటే ఎక్కడం. (నా ఉత్సాహం మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుందని మా ఆవిడ అంటుంది.) సొరంగాలు దాటుకుంటూ వెళ్ళే రైలు ఉంది, అందమైన దారే. కానీ రైలు దిగాక పల్లెలకు పోవాలంటే బండి ఉండాలి. అందుకని బండి మీదే వస్తూ పోతూ ఉంటాను.

ఈ కొండల్లో బ్యాంకు వాళ్ళకూ బండికీ పాత చుట్టరికం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వ్యవసాయ రుణాలు చూసే ఆఫీసర్లకు రాజ్‌దూత్ అంటే ఎద్దుబండి అంత నమ్మకం. దాని శబ్దం విని ఊరి చివరన ఉన్న బాకీదారు ముందే పొలం పనికి వెళ్ళిపోయేవాడని ఒక హాస్యం. నేను బండి నేర్చుకున్నది దాని మీదే. అది టూ స్ట్రోకు బండి. ఇంజినుకు కావలసిన నూనెను పెట్రోలులో కలిపి పోస్తే కాలిపోయేది. గేర్లకూ క్లచ్చికీ నూనె వేరే పోసేవాళ్ళం. ఈ చిన్న సంగతి మనసులో పెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

ఇప్పుడు నేను నడిపేది మా అబ్బాయి కొన్న బండి. ఎత్తుగా లేచిన మడ్‌గార్డు, ఇరవై ఒక్క అంగుళాల ముందు చక్రం, గుంతలు మింగేసే షాకులు. రాళ్ళదారుల్లో, మట్టిబాటల్లో తిరగడానికే చేసిన రకం. మన దేశంలో ఇలాంటివి సామాన్యుడికి అందేవి చాలాకాలం లేవు. 2011లో హీరో వాళ్ళ ఇంపల్స్, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చాక కొండ ఊళ్ళలో కూడా కనిపిస్తున్నాయి. మాది ఏదన్నది చెప్పను. తప్పు బండిది కాదు కనుక దాని పేరు పాడుచేయడం న్యాయం కాదు. అబ్బాయి బెంగుళూరు వెళ్ళిపోతూ, "నాన్నా, నూనె మాత్రం టైముకి మార్చండి" అని అప్పగించాడు. మార్చాను. అక్కడే వచ్చింది తంటా.

మే నెలలో ఒక సోమవారం. రాయగడ నుంచి లక్ష్మీపూర్ వైపు ఎక్కుడు దారి. వెనక సీటు మీద వారానికి సరిపడా బట్టలు, పచ్చడి సీసాలు, ఒక లాప్‌టాప్. ముందు ఒక లారీ నెమ్మదిగా ఎక్కుతోంది. దాటుదామని టాప్ గేరులోనే యాక్సిలేటర్ తిప్పాను. ఇంజిను ఒక్కసారిగా గొంతెత్తింది. ఇంజిను చుట్లు చూపించే ముల్లు గబగబా పైకి పోయింది. బండి మాత్రం ఉన్న వేగంలోనే ఉంది. ఎదురుగా మలుపులోంచి జీపు వస్తోంది. నేను లారీ పక్కన సగం దూరంలో ఉన్నాను. ముందుకు పోలేను. యాక్సిలేటర్ వదిలేసి, బ్రేకు తొక్కి, మళ్ళీ లారీ వెనక్కి చేరాను. జీపు వాడు వెళుతూ వెళుతూ నన్ను ఏదో అన్నాడు. అననివ్వండి, అనదగినదే.

పక్కన ఆపి కాసేపు కూర్చున్నాను. చేతులు వణకడం తగ్గాక మా బ్యాంకు బుద్ధి పైకి వచ్చింది. బండి మీద రెండు ముళ్ళున్నాయి. ఒకటి ఇంజిను తిరిగే చుట్లు చెబుతుంది, ఇంకొకటి చక్రం తిరిగే వేగం చెబుతుంది. ఒకే గేరులో ఉన్నంతసేపు ఈ రెంటికీ లెక్క తేడా రాకూడదు. శుద్ధ త్రైరాశికం. టాప్ గేరులో నిమిషానికి 4,000 చుట్ల దగ్గర 48 కిలోమీటర్ల వేగం ఉంటే, 5,000 దగ్గర 60, 6,000 దగ్గర 72 ఉండి తీరాలి. మధ్యలో పళ్ళ చక్రాలూ గొలుసూ తప్ప ఇంకేమీ లేవు కదా, అవి లెక్క తప్పవు. చదునైన చోట ఖాళీ రోడ్డు చూసుకుని మళ్ళీ ప్రయత్నించాను. 4,000 దగ్గర 48, సరిపోయింది. గట్టిగా తిప్పితే ముల్లు 6,500 దాకా పోయింది, వేగం 53 దాటలేదు. విత్‌డ్రాయల్ ఫారం వెనక రాసుకున్నాను. రెండు రిజిస్టర్లు టాలీ కాలేదు. మధ్యలో ఎక్కడో సొమ్ము కారిపోతోంది. ఎక్కడన్నది మాత్రం నాకు తెలియలేదు.

సెలవు పెట్టి, నెమ్మదిగా వెనక్కి దిగి రాయగడ వచ్చాను. చూపించిన మొదటి షెడ్డు పేరు అనవసరం. కుర్రాడు బండి స్టార్టు చేసి, రెండుసార్లు రైజు చేసి, "పికప్ పోయింది సార్, బోరు పని. పన్నెండు వేలు అవుతుంది" అన్నాడు. పికప్ పోయిందంటే ఇంజిను పోయినట్టేనని నేనూ అనుకున్నాను. అనుకోవడమేమిటి, అంతకు రెండు వారాల ముందే ఇంకొకరి బండి విషయంలో అదే మాట సంతకం పెట్టి రాసి ఉన్నాను. దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఇంటికి వచ్చి జరిగినది చెప్పాను. మా ఆవిడ ఇడ్లీపప్పు నానబోస్తూ వింది. విని, "మన పాత గ్రైండరు బెల్టు వదులైనప్పుడు ఇలాగే కదండీ మోటారు గుయ్యిమని అరిచేది, రాయి తిరిగేది కాదు. మీరే కదా మోటారు కాలిపోయిందని కొత్తది కొందామన్నారు. చివరికి బెల్టు మారిస్తే సరిపోయింది" అంది. బండికీ గ్రైండరుకీ పోలికేమిటని నేను పేపరు తీసుకున్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలా పేపరు తీసుకుని నష్టపోయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

ఆమె చెప్పింది అక్షరాలా నిజమని మర్నాడు తెలిసింది. మా వీధి చివర ఒక పెద్దాయన షెడ్డు ఉంది. పిల్లల సైకిళ్ళ నుంచి పంపుసెట్ల దాకా అన్నీ చూస్తాడు. ఆయన పని నేర్చుకున్నది సాలూరులో. లారీలకు సాలూరు ఎంత పేరున్న ఊరో మనలో చాలామందికి తెలుసు. అక్కడి లారీ షెడ్లలో పన్నెండో ఏట చేరి ఇనుము తప్ప ఇంకొకటి ఎరగని మనిషి. బోరు పని అన్నారని చెప్పగానే నవ్వాడు.

"బోరా? బోరు పోతే ఇంత గొంతేటి బాబూ దీనికి? బోరు పోయిన బండి పొగొదుల్తాది, నీరసంగా మూలుగుతాది. ఇది సూడండి, గంగిరెద్దునాగ రంకేస్తంది. రంకేసే ఇంజిను బతికున్న ఇంజినే. దాని బలం సెక్రానికి అందనేదు, అంతే."

నాకు అప్పటిదాకా ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు. ఎత్తు ఎక్కని బండి రెండు రకాలు. ఇంజిను గొంతు లేవకుండా, బరువుగా మూలిగి ఎక్కకపోతే జబ్బు ఇంజినులో ఉండవచ్చు, గాలి వడపోతలో ఉండవచ్చు, పట్టేసిన బ్రేకులో ఉండవచ్చు. ఇంజిను గొంతు లేచి, చక్రం మాత్రం లేవకపోతే జబ్బు ఆ రెంటి మధ్యలో ఉంది. మధ్యలో ఉండేది క్లచ్చి. గొలుసు పళ్ళు అరిగి జారినా బలం అందదు కానీ, అప్పుడు కటకటమని చప్పుడూ కుదుపూ వస్తాయి. క్లచ్చి జారితే చప్పుడుండదు. నున్నగా, మర్యాదగా మోసం చేస్తుంది.

క్లచ్చి అంటే ఏమిటో ఆయన ఒక పాతదాన్ని విప్పి బల్ల మీద పరిచి చూపించాడు. గుండ్రని రేకులు ఒకదాని మీద ఒకటి, అట్ల దొంతరలాగా. ఒకటి గరుకు పూత ఉన్న ప్లేటు, దాని మీద నున్నటి ఉక్కు ప్లేటు, మళ్ళీ గరుకుది, మళ్ళీ ఉక్కుది. గరుకువి ఇంజినుతో తిరుగుతాయి, ఉక్కువి గేర్లతో తిరుగుతాయి. వాటన్నిటినీ పైనుంచి గట్టి స్ప్రింగులు నొక్కిపెడతాయి. ఆ నొక్కుడుకు దొంతరంతా ఒకే ముద్దలా తిరుగుతుంది. మనం ఎడమచేతి లివరు నొక్కితే స్ప్రింగుల బిగువు తప్పి ప్లేట్లు విడిపోతాయి, ఇంజిను దాని దారిన అది తిరుగుతుంది. వదిలితే మళ్ళీ అంటుకుంటాయి. అంటే క్లచ్చి పనంతా రాపిడి మీద ఆధారపడింది. రాపిడి చాలకపోతే ఇంజిను బలం ఆ దొంతరలోనే వేడిగా మారి పోతుంది. అదే మా ఆవిడ చెప్పిన గ్రైండరు బెల్టు.

ఎక్కువ బలం అడిగినప్పుడే ఇది బయటపడుతుంది. కింది గేర్లలో బండి తేలిగ్గా లేచిపోతుంది కనుక కప్పిపుచ్చుకుంటుంది. టాప్ గేరులో, బరువుతో, ఎక్కుడులో యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు దొరికిపోతుంది. ఊళ్ళో కూరల కోసం వెళ్ళి వస్తున్నంతకాలం నాకు తెలియకపోవడానికి కారణం ఇదే.

ఆయన నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. "నూనెప్పుడు మార్సినారు? ఏ నూనె పోసినారు? వైరెవులు బిగించినారు?"

వైరు బిగించింది నేనే. లివరు కాస్త వదులుగా ఊగుతుంటే, వదులు మంచిది కాదని, దగ్గరున్న మరను బిగించి ఊగకుండా చేశాను. బ్రేకు విషయంలో అలాగే చేస్తాం కదా. క్లచ్చి విషయంలో అది తప్పట. లివరు కొస దగ్గర సాధారణంగా ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దాకా ఉత్తగా కదిలే ఆట ఉండాలి. బండితో ఇచ్చే పుస్తకంలో ఎంతన్నది రాసి ఉంటుంది. ఆ ఆట లేకపోతే మన చెయ్యి ఎప్పుడూ లివరు మీద ఉండి కొంచెం నొక్కుతున్నట్టే లెక్క. స్ప్రింగులు పూర్తిగా నొక్కలేవు. ఇంకో విచిత్రం చెప్పాడు. బ్రేకు అరిగేకొద్దీ లివరు వదులవుతుంది. క్లచ్చి ప్లేట్లు అరిగేకొద్దీ లివరు ఆట తగ్గుతుంది. ఎవరూ ముట్టకుండానే వైరు బిగుసుకుంటుంది. కనుక నెలకోసారి చూసి, అవసరమైతే వదులు చేయాలే గాని బిగించకూడదు.

మర తిప్పి ఆట ఇచ్చాడు. హ్యాండిలు ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడా లాగడం లేదని చూశాడు. బండి తీసుకుని బైపాసు దాకా వెళ్ళి వచ్చాడు. "సగం తగ్గింది. ఇంకా జారతంది. ఇప్పుడు నూనె సంగతి సెప్పండి."

చెప్పాను. మా తోడల్లుడి కారుకు నూనె మార్చినప్పుడు డబ్బాలో లీటరున్నర మిగిలింది. ఖరీదైన నూనె. చిక్కదనం సూచించే అంకె చూశాను, బండి నూనె డబ్బా మీద ఉన్న అంకే దాని మీదా ఉంది. వృథా చేయడమెందుకని పోశాను. పొదుపు చేయమని పదిమందికి చెప్పే ఉద్యోగం నాది.

ఆయన చేతిగుడ్డ భుజాన వేసుకుని నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "కారుకి క్లచ్చి ఎండుది బాబూ. ఇంజినుకి దూరంగా, ఏరే ఉంటాది. దీనిది తడిది. ఇంజిను నూనెలోనే మునిగుంటాది. ఎండు సేపకీ పచ్చి సేపకీ ఒకే పులుసు కాస్తారేటి?"

ఇప్పటి ఫోర్ స్ట్రోకు మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇంజినుకూ గేర్లకూ క్లచ్చికీ ఉమ్మడిగా ఒకే నూనె. రాజ్‌దూత్ మీద నేర్చుకున్న నాకు ఈ సంగతి తలకెక్కలేదు. కార్ల నూనెల్లో కొన్నింటిలో పెట్రోలు ఆదా కోసం రాపిడి తగ్గించే దినుసులు కలుపుతారు. ఇంజినుకు అది మేలే. రాపిడి మీద బతికే తడి క్లచ్చికి మాత్రం అరటితొక్క పరిచినట్టు అవుతుంది. ఈ గొడవ తీర్చడానికే జపాను వాహన ప్రమాణాల సంస్థ మోటారు సైకిలు నూనెలకు వేరే గుర్తు పెట్టింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘జాసో ఎంఏ’ అనో ‘ఎంఏ2’ అనో ఉంటే తడి క్లచ్చికి పనికొస్తుంది. ‘ఎంబీ’ అని ఉంటే రాపిడి తక్కువది, గేర్లు లేని స్కూటర్ల వంటివాటికి. కారు నూనె పోసి ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళూ ఉన్నారు, అన్ని కారు నూనెలూ ఇలా చేస్తాయని నేను అనను. నేను పోసింది పెట్రోలు ఆదా చేస్తుందని డబ్బా మీదే గొప్పగా రాసుకున్న రకం. నేను ముందు అక్షరాలు చదివి మురిసిపోయాను, వెనక అక్షరాలు చదవలేదు. రుణపత్రం మీద సంతకం చేసేవాళ్ళను ‘వెనక పేజీ చదివారా’ అని రోజూ అడిగేవాణ్ణి నేనే.

పక్క మూత విప్పాడు. కాలిన వాసన గుప్పున కొట్టింది. గరుకు ప్లేట్ల మందం కొలిచాడు, అరుగుదల హద్దులోనే ఉంది. కానీ పైపూత అద్దంలా నునుపెక్కి మెరుస్తోంది. ఉక్కు ప్లేట్ల మీద అక్కడక్కడ నీలపు మచ్చలు, వేడికి వచ్చినవి. వాటిని ఒక అద్దం పలక మీద పెట్టి వంకర ఉందేమో చూశాడు, లేదు. స్ప్రింగుల పొడవు కొలిస్తే నాలుగూ సమానంగా, సరిగ్గానే ఉన్నాయి. గరుకు ప్లేట్లు మాత్రం కొత్తవి వేద్దామన్నాడు. కొత్తవాటిని రాత్రంతా నూనెలో నానబెట్టాడు. పొడిగా వేస్తే మొదటి పరుగులోనే మాడతాయట. సరైన నూనె పోసి, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక అది కూడా తీసేసి మళ్ళీ కొత్తది పోశాడు, పాతది ఎక్కడైనా మిగిలి ఉంటే పోవాలని. సామానూ కూలీ అన్నీ కలిపి రెండు వేల చిల్లర అయింది. బోరు పని చేయించి ఉంటే పన్నెండు వేలు పోయేది, ఆపైన అదే క్లచ్చి అలాగే జారుతుండేది.

ఇక రెండో తప్పు.

దేవమాలి కొండ పేరు మీలో కొందరైనా విని ఉంటారు. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయినది. అది ఉన్న పొట్టంగి బ్లాకులో ఒక పల్లెలో మా శాఖ నుంచి ముద్ర పథకం కింద రుణం తీసుకున్న యువకుడు ఒకడున్నాడు. 2015లో వచ్చిన ఆ పథకంలో శిశు అనే మొదటి మెట్టు యాభై వేల రూపాయల దాకా. ఇతడిది పూర్తి యాభై వేలు. ఎండు చేపలు, ఉప్పు, ఉల్లిపాయలు రెండు గంపల్లో వేసుకుని, సెకండ్ హ్యాండ్ బండి మీద సంతలకు తిరుగుతాడు. శుక్రవారం కుందులి సంత పెద్దది. మిగతా రోజుల్లో కొండ మీది చిన్న సంతలు. నెలకు పదమూడు వందలు వాయిదా, రెండేళ్ళు తప్పకుండా కట్టాడు. వేసవిలో ఆగిపోయాడు.

మే మొదట్లో నేను తనిఖీకి వెళ్ళాను. బండి గోడకు ఆనించి ఉంది. గంపలు బోర్లించి ఉన్నాయి. కొండ ఎక్కడం లేదు బాబూ, బరువు వేస్తే అసలు కదలదు అని దేశియా మాటల్లో చెప్పాడు. నా ముందే స్టార్టు చేసి ఇంటి ముందున్న ఎత్తు మీదికి పోనిచ్చాడు. ఇంజిను అరిచింది, బండి పాకింది, సగంలో నిలబడిపోయింది. నేను తలాడించి, రిపోర్టులో రాశాను: వాహనం ఇంజిను పూర్తిగా పాడైనది, మరమ్మతు లాభసాటి కాదు, వ్యాపారం నిలిచిపోయినది, వసూలుకు అవకాశం తక్కువ. మా కాగితాల్లో ఇలాంటి నాలుగు ముక్కలు ఒకసారి పడితే వాటికి కాళ్ళొస్తాయి. వాయిదా మీరి తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. ఒకసారి పోయినవాడు మళ్ళీ ఏ బ్యాంకు గడప ఎక్కినా ఆ మచ్చ కంప్యూటరులో ముందే కనిపిస్తుంది. అతడి ఊళ్ళో బ్యాంకు కాకపోతే అప్పిచ్చేది వడ్డీ వ్యాపారి.

మేస్త్రి "రంకేసే ఇంజిను బతికున్న ఇంజినే" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గోడకు ఆనించిన బండి. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. సెమిలిగుడ చేరగానే ఖాతా తీసి చూశాను. అప్పటికి 71 రోజులు.

మర్నాడు మధ్యాహ్నం ఒక పది నంబరు, ఒక పన్నెండు నంబరు స్పానరు బ్యాగులో వేసుకుని వెళ్ళాను. మళ్ళీ నన్ను చూసి అతడి ముఖం వాడిపోయింది. బండి పట్టుకుపోవడానికి వచ్చాననుకున్నాడు. ముందు లివరు కొస పట్టుకుని కదిపి చూశాను. ఆట అనేదే లేదు, తీగలా బిగిసి ఉంది. అతడి బండికి చుట్లు చూపించే ముల్లు లేదు, కనుక చెవినే నమ్ముకోవాలి. మేస్త్రి నేర్పిన ఇంకో పరీక్ష చేశాను. ముందు చక్రాన్ని రాతిగోడకు ఆనించి, బ్రేకు పట్టి, మూడో గేరు వేసి, కొంచెం యాక్సిలేటర్ ఇచ్చి లివరు మెల్లగా వదిలాను. చక్రం కదలడానికి చోటు లేదు. క్లచ్చి మంచిదైతే ఇంజిను టక్కున ఆగిపోవాలి. ఆగలేదు. లివరు పూర్తిగా వదిలేసినా హాయిగా తిరుగుతూనే ఉంది. వెంటనే ఆపేశాను, ఈ పరీక్ష రెండు మూడు క్షణాలకు మించి చేస్తే ప్లేట్లు మాడతాయి. మొదటి గేరులో చేయకూడదు, బండి గోడ మీదికి ఎగబడుతుంది.

మర వదులు చేయడం నాకు కొత్త విద్య. మొదటిసారి తిప్పాల్సిన దిక్కుకు ఎదురు తిప్పాను. చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. చివరికి పైన లివరు దగ్గర కొంతా, కింద ఇంజిను దగ్గర కొంతా వదిలి, లివరు కొసకు వేలి వెడల్పు ఆట తెచ్చాను. మళ్ళీ గోడకు ఆనించి, మూడో గేరు వేసి, లివరు వదిలాను. ఇంజిను టక్కున ఆగిపోయింది. బండి ఆగిపోతే అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

గంపల్లో రాళ్ళు వేసి అతణ్ణి ఎత్తు మీదికి పంపాను. ఎక్కింది. పూర్తిగా బాగయిందని కాదు, పైకి పోయేసరికి కొంచెం జారుతోందని అతడే చెప్పాడు. ప్లేట్లు అరిగి ఉన్నాయి, అవి అరగబట్టే ఆట పోయింది. పైగా ఎక్కుడులో లివరు సగం నొక్కిపట్టి నడిపే అలవాటు ఉందట, బరువు బండి వాళ్ళందరికీ ఉండేదే. అలా పట్టకూడదని, కింది గేరు వేసి లివరు పూర్తిగా వదిలేయమని చెప్పాను. ఆ శుక్రవారం సగం బరువుతో కుందులి వెళ్ళాడు. తరువాతి వారం సెమిలిగుడలో ప్లేట్లు మార్పించుకున్నాడు. 83వ రోజున శాఖకు వచ్చి పాత వాయిదాలు రెండు కట్టాడు. మిగిలినది జూలైలో తీర్చాడు. మా కౌంటరు ముందు ఎండు చేపల వాసన వచ్చిందని మా క్యాషియరు సణిగితే, ఆ పూటకు ఫ్యాను వేగం పెంచుకోమన్నాను.

రిపోర్టు మాత్రం మిగిలింది. కొత్త రిపోర్టు పంపాను. పైనుంచి ప్రశ్న వచ్చింది: మే నెలలో ఇంజిను పూర్తిగా పాడైనదని రాసినవారు, జూన్ నెలలో వాహనం బాగుగా నడుచుచున్నదని ఏ ఆధారం మీద రాసితిరి? జవాబు మూడుసార్లు చిత్తు రాశాను. మొదటి రెండింటిలో సాంకేతిక కారణాలు పేజీ నిండా ఉన్నాయి. మూడోది ఒక్క వాక్యం: ఇంజిను మొదటినుంచీ బాగానే ఉన్నది, తనిఖీ చేసిన నేను క్లచ్చి చూడలేదు. అదే పంపాను. ఇంతవరకు మళ్ళీ ప్రశ్న రాలేదు.

కారు నూనె ఇంకా అర లీటరు మిగిలి ఉంది. మా ఆవిడ దాన్ని వీధి గేటు బందులకు వాడుతోంది. గేటు ఇప్పుడు చప్పుడు చేయకుండా తెరుచుకుంటోంది.